మొదట ఎగిరిందెవరు? బ్రిడ్జ్‌పోర్ట్ నుంచి కిల్ డెవిల్ హిల్స్ దాకా

న్యూజెర్సీలో ఉండేవాళ్లకు కారేసుకుని తిరగడానికి ఇదో మంచి రూటు. కనెక్టికట్‌లో బ్రిడ్జ్‌పోర్ట్, వర్జీనియాలో చాంటిలీ, వాషింగ్టన్, ఆఖర్న నార్త్ కరోలినా సముద్రతీరం. మొదటి విమానం ఎవరిదన్న పేచీ ఈ దారి పొడవునా ఉంది.

ఉత్తర న్యూజెర్సీ నుంచి బ్రిడ్జ్‌పోర్ట్‌కి గంటా గంటన్నర చాలు. జర్మనీ నుంచి వలస వచ్చిన గుస్తావ్ వైట్‌హెడ్ 1901 ఆగస్టు 14న అర మైలు ఎగిరాడని అక్కడి పత్రిక రాసింది. 2013లో కనెక్టికట్ ఏకంగా చట్టం చేసి మరీ మొదట ఎగిరిన ఘనత ఆయనకు కట్టబెట్టింది. తీరా వెళ్తే కనిపించేది ఓ స్మారక ఫౌంటెన్, లేక్‌వ్యూ శ్మశానంలో సమాధి. ఎగురుతుండగా తీసిన ఫొటో ఒక్కటీ బయటపడలేదు. సాక్షిగా పత్రికలో పేరు పడ్డ జేమ్స్ డికీ, తానసలు అక్కడ లేనేలేనని తర్వాత చెప్పాడు. రాత్రి బస పెట్టుకోకండి. మేం దిగిన హైవే మోటెల్‌లో ఏసీ రాత్రంతా వరి నూర్పిడి మిషన్‌లా మోగింది.

మకాం చాంటిలీ, హెర్న్‌డన్ వైపు పెట్టుకోవడం మేలు. మనవాళ్ల హోటళ్లు బోలెడు, పెద్దవాళ్లకు భోజనం టెన్షన్ ఉండదు. అక్కడి ఉద్వార్-హేజీ సెంటర్ (స్మిత్సోనియన్ సంస్థ వాళ్ల విమానాల మ్యూజియం)లో ప్రవేశం ఉచితం, పార్కింగ్‌కి మాత్రం 15 డాలర్లు. స్పేస్ షటిల్ దగ్గరే ఆగిపోకుండా శామ్యూల్ లాంగ్లీ కట్టిన విమాన యంత్రం వెతకండి. ఆయన అప్పట్లో ఆ స్మిత్సోనియన్ సంస్థకే అధిపతి. సైన్యం ఇచ్చిన 50,000 డాలర్లతో కట్టిన ఆ యంత్రం 1903లో పోటోమాక్ నదిలో రెండుసార్లు కూలింది. రెండోది డిసెంబరు 8న, అంటే రైట్ సోదరులు ఎగరడానికి తొమ్మిది రోజుల ముందు.

అసలు తమాషా ఆ తర్వాతే. 1914లో అదే యంత్రానికి మార్పులు చేసి కాస్త గాల్లోకి లేపి, మనిషిని మోస్తూ ఎగరగల మొదటి విమానం ఇదేనని స్మిత్సోనియన్ బోర్డు పెట్టింది. ఒళ్లు మండిన ఆర్విల్ రైట్ తమ విమానాన్ని 1928లో లండన్ పంపేశాడు. అది 1948లో ఒప్పందంతో తిరిగొచ్చింది: రైట్ల విమానానికి ముందు ఇంకేదో ఎగరగలిగిందని స్మిత్సోనియన్ అంటే, విమానం వారసులకు వెనక్కి పోతుంది. ఆ విమానం ఉన్న వాషింగ్టన్ ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో లేబుల్ చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. అక్కడికి ఉచిత పాస్‌లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. పార్కింగ్ తిప్పలు పడకుండా సిల్వర్ లైన్ మెట్రోలో లాన్‌ఫాన్ ప్లాజా దాకా వెళ్లండి. రైట్ల విమానం కుడి రెక్క ఎడమదానికన్నా నాలుగంగుళాలు పొడవు, ఎందుకంటే కుడివైపున్న ఇంజిన్ పైలట్ కన్నా బరువు. లెక్కేసి కట్టినవాళ్ల పని అది.

కారులో మామయ్యగారు శివకర్ తల్పడే ప్రస్తావన తెచ్చారు, రైట్లకన్నా ముందే 1895లో ముంబై చౌపాటీలో విమానం ఎగరేశాడు కదా అని. ఆ వాదన పక్కనే వినిపించే వైమానిక శాస్త్రాన్ని (ప్రాచీన విమానాల గురించి చెబుతుందనే సంస్కృత గ్రంథం) 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు పరిశీలించి, అందులోని యంత్రాలు ఎగరవనీ, ఆ రాత 1904 కన్నా పాతది కాదనీ తేల్చారని చెప్పా. ఆయన ఒప్పుకోలేదు. నార్‌ఫోక్ దాటేదాకా అదే చర్చ.

డబ్బుకి, ప్రయాణానికి న్యాయం చేసేది నార్త్ కరోలినా తీరంలో రైట్ సోదరులు ఎగిరిన కిల్ డెవిల్ హిల్స్. టికెట్ పెద్దలకు 10 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. 1903 డిసెంబరు 17న వాళ్లు ఎగిరిన నాలుగుసార్లకీ, దిగిన చోట్ల నాలుగు రాళ్లు పాతారు. మొదటిది 120 అడుగుల దగ్గర, 12 సెకన్ల ప్రయాణం. పిల్లలు అడుగులేసి కొలిచేస్తారు. మొదటి మూడూ దగ్గరదగ్గరగా ఉంటాయి, నాలుగోది ఎక్కడో 852 అడుగుల అవతల. బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఇలా కొలుచుకోవడానికి ఏమీ లేదు, నా ఓటు రైట్లకే.

గడ్డిలో ముళ్లకాయలుంటాయి, చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. వేసవిలో తీరం ఇళ్లు ఎక్కువగా శనివారం నుంచి శనివారం దాకా వారం లెక్కన ఇస్తారు. రెండు రాత్రులకైతే రోడ్డుకి ఇవతలి మోటెల్ చాలు, సముద్రం కనిపించే గదికి అదనంగా పెట్టడం దండగ.