స్మారక ఫలకం చెక్కించాలనుకునేవారికి: మహబూబ్‌నగర్‌లో ఒక రాతిపని దుకాణం

1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్‌ల మధ్య వంతెన కూలి రైలు పడిపోగా నూటికి పైగా ప్రయాణికులు మరణించిన దుర్ఘటనకు గుర్తుగా మా ఊరి గ్రంథాలయ ఆవరణలో ఒక ఫలకం నిలపాలని అనుకుని, ఆ పనిని మహబూబ్‌నగర్ న్యూటౌన్ వైపున్న ఒక చిన్న దుకాణానికి అప్పగించాము. సమాధి రాళ్లు, శంకుస్థాపన ఫలకాలు చెక్కడం వారి నిత్యవృత్తి.

మేము రాసుకుని వెళ్లిన పాఠం చాలా పెద్దది. ఈ ప్రాంతం నాడు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేదని, ప్రమాదానికి బాధ్యత వహిస్తూ రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వగా ప్రధాని నెహ్రూ అంగీకరించలేదని, అదే నవంబరులో తమిళనాట అరియలూరు ప్రమాదం తరువాత ఆయన మళ్లీ ఇచ్చిన రాజీనామా ఆమోదం పొందిందని అందులో రాశాము. అరియలూరు రాజీనామాను అందరూ చెప్పుకుంటారు. మన జిల్లాతో మొదలైన సంగతి మనవాళ్లకే తెలియదు. అడుగున దాతల పేర్లు కూడా చేర్చాము. యజమాని కాగితం మొత్తం ఓపికగా చదివి, "దాతల పేర్లు వెనక దిక్కు ఏద్దాం సార్, ముందు చనిపోయినోళ్ల ముచ్చట ఉండాలె" అన్నారు. ముఖ్య అతిథి పేరు దూరం నుంచే కనిపించి, ఫలకం దేనికి వేశారో మాత్రం దగ్గరికి వెళ్లి వెతుక్కోవలసిన మన దగ్గర ఈ మాట చెప్పే పనివారు అరుదు.

నునుపు చేసిన నల్ల గ్రానైట్‌పై స్టిక్కరు అంటించి పీడనంతో ఇసుకను చిమ్మి అక్షరాలు తొలిచే పద్ధతి వారిది. అక్షరం చిన్నదైతే వత్తుల దగ్గర స్టిక్కరు చిరిగి రాయి చెదురుతుందని చెప్పి, పరిమాణం పెంచి, "శాస్త్రి" వంటి చోట్ల ఉలితో చేత్తో సరిచేశారు. బంగారు రంగు ఎండకు త్వరగా వెలిసిపోతుందని తెల్లరంగు వేశారు. రంగు పోయినా లోతు వల్ల చదవవచ్చు.

లోపాలు లేకపోలేదు. నమూనా కాగితంలో సంవత్సరం 1965 అని పడింది. చెక్కకముందే గమనించాము గనుక సరిపోయింది. చెప్పిన గడువు దాటింది. రాయి వెనుక అంచులు గరుకుగానే వదిలేశారు. రవాణా, నిలబెట్టే కూలి వేరని చివర్లో చెప్పారు కాబట్టి, ధర మాట్లాడేటప్పుడే ఆ రెండూ కలిపి కాగితంపై రాయించుకోవడం మంచిది.