అక్రింగ్టన్ స్టాన్లీ మైదానంలో ఒక శనివారం: నాలుగో అంచె ఫుట్‌బాల్ టికెట్టుకు దక్కేదేమిటి?

మాంచెస్టర్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్లు, ఊరి నుంచి చుట్టాలు వస్తే, ఫుట్‌బాల్ చూపించడానికి ఓల్డ్ ట్రాఫర్డ్‌కో ఎతిహాద్‌కో తీసుకెళ్తారు. మ్యాచ్ టికెట్ దొరకకపోతే స్టేడియం టూరు టికెట్టయినా కొని, ఖాళీ కుర్చీల ముందు ఫొటోలు దిగి వస్తారు. అదే మాంచెస్టర్‌లోని విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కితే గంట పైచిలుకు ప్రయాణంలో అక్రింగ్టన్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడి అక్రింగ్టన్ స్టాన్లీ క్లబ్బు లీగ్ టూలో, అంటే పైనుంచి లెక్కిస్తే నాలుగో అంచెలో ఆడుతోంది. ఈ సమీక్ష ఆ మైదానంలో మ్యాచ్ చూడటం గురించి. ఆట నాణ్యత కోసమైతే ఈ టికెట్ కొనవలసిన పని లేదని ముందే చెప్పేస్తున్నాను. ఫుట్‌బాల్‌నే వృత్తిగా చేసుకుని, పెద్దగా పేరు రాకపోయినా, రెండేళ్లకొక క్లబ్బు మారుతూ, కాళ్లు సహకరించినంత కాలం దాని మీదే కుటుంబాన్ని పోషించుకొనే ఆటగాడు తన పని ఎలా చేస్తాడో పక్కనే నిలబడి చూడాలనుకునేవాళ్లకు మాత్రం ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

ప్రయాణం సులువే. 2015లో టాడ్‌మోర్డెన్ దగ్గర పాత రైలు మలుపును తిరిగి వాడుకలోకి తెచ్చాక విక్టోరియా నుంచి బర్న్‌లీ మీదుగా నేరుగా రైళ్లు నడుస్తున్నాయి. స్టేషన్‌లో దిగి ఊరు దాటి కొంత ఎగువకు నడిస్తే మైదానం వస్తుంది. అయిదు వేలకు కొంచెం పైగా జనం పట్టే ఈ మైదానం చుట్టూ ఇళ్లు, వాటి వెనుక కొండలు కనిపిస్తాయి. మూడు వేల మంది వస్తే మంచి జనం వచ్చినట్టే లెక్క. ఈ శ్రేణిలో పెద్దల టికెట్ సాధారణంగా 20 పౌండ్లు, ఆ పైన కొంచెం ఉంటుంది. అన్నిటికంటే పై అంచె అయిన ప్రీమియర్ లీగ్‌లో బయటి ఊరి నుంచి వచ్చే అభిమానుల టికెట్టును 30 పౌండ్లు దాటనివ్వకూడదని 2016లో క్లబ్బులు ఒప్పుకోవడమే పెద్ద వార్త అయిందని గుర్తు పెట్టుకుంటే, ఈ ధర చవకా కాదా అన్న విషయంలో ఎవరి అభిప్రాయం వారికుంటుంది. నా దృష్టిలో ఇది న్యాయమైన ధరే.

క్లబ్బు చరిత్ర కొంత తెలిసి వెళ్తే చూసేది ఇంకా బాగా అర్థమవుతుంది. 1888లో ఫుట్‌బాల్ లీగ్‌ను స్థాపించిన 12 క్లబ్బుల్లో అక్రింగ్టన్ అనే పేరు ఉంది కానీ, అది ఈ క్లబ్బు కాదు. ఆ ఊళ్లోనే ఉండి అంతరించిపోయిన వేరే క్లబ్బు. స్టాన్లీ 1962లో అప్పుల పాలై సీజను మధ్యలోనే లీగ్ నుంచి తప్పుకొంది. 1968లో మళ్లీ మొదలై, కింది అంచెల్లో దశాబ్దాల పాటు ఆడి, 2006లో లీగ్‌కు, అంటే పై నాలుగు అంచెల్లోకి, తిరిగి వచ్చింది. అప్పట్లో స్టాన్లీ ఖాళీ చేసిన స్థానాన్ని దక్కించుకున్న ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్, సరిగ్గా స్టాన్లీ తిరిగి వచ్చిన ఏడాదే లీగ్ నుంచి కిందికి పడిపోయింది. స్టాన్లీ 2018లో లీగ్ టూ విజేతగా మూడో అంచెకు ఎక్కి, 2023లో మళ్లీ దిగింది. డబ్బున్న క్లబ్బు ఏనాడూ కాదు. అందుకే ఇక్కడి జట్టు ఎప్పుడూ ఇతరులు వద్దనుకున్నవాళ్లు, పెద్ద క్లబ్బుల అకాడమీల నుంచి బయటికి వచ్చిన కుర్రాళ్లు, అరువు మీద వచ్చినవాళ్లు కలిస్తేనే తయారవుతుంది.

ఇక టికెట్టుకు అసలు దక్కేదేమిటో చెబుతాను. గోల్ వెనుక నిలబడి చూసే టెర్రస్‌కు వెళ్లండి. కుర్చీల టికెట్ కొని పక్కనుంచి చూస్తే ఆట బాగా కనిపిస్తుంది కానీ, మాటలు వినిపించవు. గోల్ వెనుక ముందు వరసలో కడ్డీ పట్టుకుని నిలబడితే, ముప్ఫై దాటిన సెంటర్ బ్యాక్ (గోల్ ముందు కాపు కాసే డిఫెండర్) ఒకడు తొంభై నిమిషాలూ నోరు మూయకుండా మాట్లాడటం వినిపిస్తుంది. బంతి అవతలి సగంలో ఉన్నా అతడు పనిలోనే ఉంటాడు. పక్కనున్న ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి రెండు అడుగులు లోపలికి రమ్మని చేయి ఊపుతాడు, ముందున్న మిడ్‌ఫీల్డరును పేరు పెట్టి పిలిచి వెనక్కి చూడమంటాడు, కార్నర్ కిక్ వచ్చేటప్పుడు రిఫరీ ఎటు చూస్తున్నాడో గమనించి మరీ ఎదుటివాడి చొక్కా అంచు పట్టుకుంటాడు. వేగం ఎప్పుడో తగ్గిపోయింది కాబట్టి, బంతి ఎక్కడికి వస్తుందో ముందే లెక్క వేసుకుని రెండు అంగలు ముందుగా బయలుదేరతాడు. టీవీ కెమెరా బంతి వెంటే తిరుగుతుంది కనుక ఈ రెండు అంగలు టీవీలో ఎన్నడూ కనపడవు. అతడి జీతమంతా ఆ రెండు అంగల్లోనే ఉంది.

మైదానంలో ముద్రించిన ప్రోగ్రామ్ అమ్ముతుంటే తప్పక కొనండి. ప్రతి క్లబ్బూ ప్రోగ్రామ్ అచ్చు వేయాలన్న నిబంధనను 2018లో లీగ్ క్లబ్బులు ఓటు వేసి తీసేశాక చాలా చోట్ల ఇది మాయమైపోతోంది. ఇది నాకు నిజంగా నచ్చని మార్పు. ప్రోగ్రామ్‌లో ఎదుటి జట్టును పరిచయం చేసే పేజీలో ఒక్కొక్క ఆటగాడికి నాలుగైదు వాక్యాలుంటాయి. పుట్టిన ఊరు, అకాడమీ, అక్కడి నుంచి అరువు వెళ్లిన క్లబ్బు, తరువాతి క్లబ్బు, మళ్లీ అరువు, గాయంతో పోయిన ఒక సీజను, రెండు అంచెల కింద మరో క్లబ్బు, అక్కడి నుంచి ఇక్కడికి. ఆ పేజీని సగం విరామంలో చదివి, రెండో సగంలో అదే మనిషిని చూస్తే, అతడు అనవసరంగా కాలు అడ్డం పెట్టకపోవడానికి కారణం కూడా అర్థమవుతుంది.

ఈ శ్రేణిలో ఒప్పందాలు ఎక్కువగా ఏడాదికో రెండేళ్లకో ఉంటాయి. గడువు జూన్ 30తో ముగుస్తుంది. మే నెలలో సీజను అయిపోగానే ప్రతి క్లబ్బూ ఎవరిని ఉంచుకుంటున్నదీ, ఎవరిని వదిలేస్తున్నదీ జాబితా విడుదల చేస్తుంది. మన దగ్గర కాంట్రాక్టు లెక్చరర్లు రెన్యువల్ ఉత్తర్వు కోసం వేసవంతా ఎదురుచూసినట్టే, జాబితాలో పేరు లేనివాడు ఏజెంటు ఫోన్ కోసం చూస్తూ, సొంతంగా పరుగు తీస్తూ, జూలైలో ఏదో ఒక క్లబ్బు సన్నాహక మ్యాచ్‌లో ట్రయలిస్టుగా, అంటే పరీక్ష కోసం ఆడేవాడిగా, చొక్కా వేసుకుంటాడు. ఆ మ్యాచ్ వివరాల్లో అతడి పేరు కూడా రాయరు, ‘ట్రయలిస్ట్’ అని మాత్రమే ఉంటుంది. కుదిరితే ఏడాది పని, కుదరకపోతే అయిదో అంచె, ఆరో అంచె. జీతంలో కొంత భాగం ఎన్ని మ్యాచ్‌లు ఆడాడన్న దాని మీద బోనసుగా వస్తుంది కాబట్టి, చిన్న నొప్పులను చెప్పకుండా దాచుకుని ఆడే అలవాటు ఈ వృత్తిలో పాతదే. ఇల్లు మార్చడం ప్రతిసారీ కుదరదు. పిల్లల బడి ఒక చోట, ప్రాక్టీసు ఒక చోట. అందుకే నలుగురు ఆటగాళ్లు ఒకే కారులో పెట్రోలు ఖర్చు పంచుకుని రోజూ రెండు గంటలు తిరగడం ఈ శ్రేణిలో మామూలు విషయం.

ఈ మాత్రం స్వేచ్ఛ కూడా ఊరికే రాలేదు. 1961 వరకు ఇంగ్లాండ్‌లో ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి 20 పౌండ్లకు మించి ఇవ్వకూడదన్న నిబంధన ఉండేది. ఒప్పందం ముగిసినా ఆటగాణ్ణి కదలనివ్వకుండా క్లబ్బు పట్టి ఉంచుకునే పద్ధతి న్యాయం కాదని 1963లో జార్జ్ ఈస్టమ్ అనే ఆటగాడి దావాలో కోర్టు చెప్పింది. 1995లో బాస్మన్ అనే ఆటగాడి దావాలో యూరప్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు తర్వాతే గడువు ముగిసినవాడు బదిలీ రుసుము లేకుండా వెళ్లగలిగే రోజులు వచ్చాయి. పెద్ద ఆటగాళ్లకు ఆ తీర్పు కోట్లు తెచ్చిపెట్టింది. కింది శ్రేణిలో అదే తీర్పు, ఏటా మే నెలలో ఖర్చు లేకుండా వదిలించుకునే వీలును క్లబ్బులకు కూడా ఇచ్చింది. 2020లో లీగ్ టూ జట్టు మొత్తం జీతాలు ఏడాదికి 15 లక్షల పౌండ్లు దాటకూడదని క్లబ్బులు ఓటు వేసి పరిమితి పెట్టుకున్నాయి. 1907లో మాంచెస్టర్‌లో పుట్టిన ఆటగాళ్ల సంఘం దాని మీద పోరాడి, 2021 ఫిబ్రవరిలో మధ్యవర్తుల దగ్గర కొట్టివేయించింది.

ఇలాంటి వృత్తి జీవితానికి బాగా తెలిసిన ఉదాహరణ స్టీవ్ క్లారిడ్జ్. కేంబ్రిడ్జ్, లూటన్, బర్మింగ్‌హామ్, లెస్టర్, పోర్ట్స్‌మత్, మిల్‌వాల్, ఇలా లెక్క తప్పేన్ని క్లబ్బులు తిరిగాడు. 1996లో వెంబ్లీలో అదనపు సమయం ఆఖరి క్షణాల్లో లెస్టర్‌ను ప్రీమియర్ లీగ్‌కు చేర్చిన గోల్ అతడిదే. పదేళ్ల తర్వాత, నలభై ఏళ్ల వయసులో, 1000వ మ్యాచ్ పూర్తి చేయడానికి బోర్న్‌మత్ చొక్కా వేసుకున్నాడు. ఆ రోజు జట్టు పోర్ట్ వేల్ చేతిలో 0-4తో ఓడిపోయింది. జేమీ క్యూర్టన్ 2006-07లో కోల్‌చెస్టర్ తరఫున 23 లీగ్ గోల్స్ కొట్టి రెండో అంచెలో అందరికంటే ముందు నిలిచాడు; అంతకుముందు కొరియాలోని బూసన్‌లోనూ ఆడాడు, నలభై దాటాక కూడా లీగ్ బయటి క్లబ్బుల్లో గోల్స్ కొడుతూనే ఉన్నాడు. మోర్‌కమ్, స్విండన్, ట్రాన్‌మియర్‌లలో మామూలుగా గడిపిన పాల్ మల్లిన్, 2020-21లో కేంబ్రిడ్జ్‌లో ఒక్కసారిగా 32 లీగ్ గోల్స్ కొట్టి లీగ్ టూ రికార్డు సృష్టించాడు. అతడికంటే ముందు అదే పేరుగల మరో స్ట్రైకర్ అక్రింగ్టన్‌లో తొమ్మిదేళ్లు ఆడాడు, కాబట్టి ఇక్కడి పాత అభిమానుల దగ్గర మల్లిన్ పేరెత్తితే ఏ మల్లిన్ అని అడుగుతారు.

అక్రింగ్టన్‌లో మాత్రం ఎక్కువ ఆప్యాయంగా వినిపించే పేరు బిల్లీ కీ. లెస్టర్ అకాడమీ నుంచి వచ్చి, టార్కీ, బర్టన్, స్కన్‌థార్ప్ తిరిగి, చివరికి ఈ మైదానంలో కుదురుకున్నాడు. క్లబ్బును మూడో అంచెకు ఎక్కించిన 2017-18 సీజనులో 25 లీగ్ గోల్స్ కొట్టి, లీగ్ టూ ఉత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. 2020 జనవరిలో, ఇంకా ముప్ఫై నిండకముందే, కుంగుబాటుతో, ఆందోళనతో, తిండికి సంబంధించిన రుగ్మతతో బాధపడుతున్నానని బహిరంగంగా చెప్పి వృత్తి ఫుట్‌బాల్ మానేశాడు. మోకాలు పోతే అందరికీ కనిపిస్తుంది. ఇది గోల్స్ కొడుతున్నప్పుడు కూడా ఎవరికీ కనిపించలేదు. టెర్రస్ మీద నిలబడి ఆటగాణ్ణి తిట్టే ముందు ఈ సంగతి గుర్తుకు వస్తే మంచిదే.

ఈ కథ హైదరాబాద్‌కు కూడా కొంత తెలుసు. 2019-20లో గచ్చిబౌలిలో మొదటి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజను ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీకి కోచ్‌గా వచ్చిన ఫిల్ బ్రౌన్, ఆటగాడిగా హార్టిల్‌పూల్, హాలిఫాక్స్, బోల్టన్, బ్లాక్‌పూల్ క్లబ్బుల్లో ఆడినవాడే. తరువాత 2008లో హల్‌ను తొలిసారి ప్రీమియర్ లీగ్‌కు చేర్చాడు. హైదరాబాద్ జట్టు డిఫెండర్ మాథ్యూ కిల్‌గాలన్ లీడ్స్‌లో మొదలై షెఫీల్డ్ యునైటెడ్, సండర్‌లాండ్, బ్లాక్‌బర్న్, బ్రాడ్‌ఫర్డ్ మీదుగా గచ్చిబౌలి చేరాడు. ఆ ఏడాది హైదరాబాద్ ఆఖరి స్థానంలో నిలిచింది కాబట్టి వాళ్లను మనవాళ్లు తొందరగా మరిచిపోయారు. అలాంటివాళ్లు తయారయ్యే బడి ఎలా ఉంటుందో చూడాలంటే ఇలాంటి మైదానాలకే రావాలి.

లోపాలు లేవని అనను. ఆట చాలాసేపు గాలిలోనే ఉంటుంది. పాసులు తప్పుతాయి, జనవరిలో మైదానం బురదగా ఉంటే ఇంకా తప్పుతాయి. లాంకషైర్ వానకూ, కొండ గాలికీ మామూలు జాకెట్ చాలదు. శాకాహారులు తిని బయలుదేరడం మంచిది, ఎందుకంటే ఈ శ్రేణి మైదానాల్లో మాంసం పై, గొడ్డుమాంసపు సారంతో చేసే బొవ్రిల్ లాంటివే ఎక్కువగా కనిపిస్తాయి. పిల్లలను తీసుకెళ్తే వాళ్ల చెవిన పడే ఇంగ్లిషు బడిలో నేర్పేది కాదు. అయితే చిన్న మైదానం కనుక, మ్యాచ్ అయ్యాక ఆటగాళ్లు గోడ దగ్గరికి వచ్చి పిల్లలతో నిలబడి మాట్లాడే అవకాశం ఇక్కడ ఎక్కువ. పెద్ద స్టేడియాల్లో అది డబ్బు పెట్టినా దొరకదు.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. ఆగస్టులో అందరూ ఆశతో ఉంటారు, ఆట కూడా కొంచెం మెరుగ్గా ఉంటుంది. నన్నడిగితే సీజను చివర్లో, పట్టిక మధ్యలో ఉన్న రెండు జట్లు తలపడే సొంతూరి మ్యాచ్ ఎంచుకోండి. పైకెక్కేది లేదు, కిందపడేది లేదు కనుక టికెట్లు సులువుగా దొరుకుతాయి, టెర్రస్‌లో ముందు వరస ఖాళీగా ఉంటుంది. మైదానంలో ఉన్నవాళ్లలో ఒప్పందం ముగియబోతున్నవాళ్లు ఎవరో స్థానిక వార్తల్లో ముందే చూసుకుని వెళ్లండి. వాన సూచన ఉంటే, పైకప్పు ఉన్న క్లేటన్ ఎండ్ వైపు టికెట్ తీసుకోండి.