లె వెజినె: 1858లో ప్లాట్లు అమ్మిన వెంచర్ ఇప్పుడెలా ఉంది

టౌన్ ప్లానింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి అదే డిపార్ట్‌మెంట్‌లో రిటైరయ్యాను. సర్వీసంతా లేఅవుట్లు గీయడంలోనూ, ఎవరో గీసినవి సరిచూడటంలోనూ గడిచింది. అందుకే ఏ ఊరు వెళ్లినా ముందు రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదిలే ఖాళీ), పార్కుకు వదిలిన జాగా చూస్తాను. మా అమ్మాయి పారిస్ పక్కనున్న లా డెఫాన్స్‌లో ఉద్యోగం చేస్తూ లె వెజినెలో అద్దెకుంటోంది. ఈ వేసవిలో నేనూ మా ఆవిడా వెళ్లి ఆ ఇంట్లోనే ఉన్నాం. ఊరికి రివ్యూ ఏమిటని అడగొచ్చు. కానీ ఈ ఊరు పుట్టిందే రియల్ ఎస్టేట్ వెంచర్‌గా. అమ్మినవాళ్లు ఇచ్చిన మాట ఇన్నేళ్ల తర్వాత ఎంతవరకు నిలిచిందో చూసి రాస్తున్నాను.

పారిస్‌కి పడమట సెయిన్ నది పెద్ద వంపు తిరిగేచోట ఒకప్పుడు రాజుల వేట అడవి ఉండేది. 1837లో పారిస్ నుంచి పక్క ఊరు లె పెక్ దాకా రైలు పడింది. పారిస్‌లో ప్రయాణికుల కోసం వేసిన మొదటి లైను అదే. రైలు వస్తే పక్కనున్న భూమికి ఏమవుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అల్ఫోన్స్ పాల్యూ అనే పారిశ్రామికవేత్త 1856లో కంపెనీ పెట్టి, వేరేచోట అడవి భూములిచ్చి, బదులుగా ఈ అడవిని ప్రభుత్వం నుంచి తీసుకున్నాడు. ఇప్పటి ఊరు సుమారు 5 చదరపు కిలోమీటర్లు, మన లెక్కలో పన్నెండు వందల ఎకరాల పైచిలుకు. ప్లాన్ గీసే పని కౌంట్ ద షూలో అనే తోటల శిల్పికి అప్పజెప్పాడు. ప్లాట్ల అమ్మకం 1858లో మొదలైంది. 1875లో ఇది సొంత మున్సిపాలిటీ అయింది, మొదటి మేయరు పాల్యూనే.

షూలో గీసిన ప్లాన్ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన దగ్గర లేఅవుట్ అంటే ముందు ప్లాట్లు పరుస్తాం. మూలల్లో, వంకర ముక్కల్లో, ఎవరూ కొనని చోట పార్కు రాస్తాం. ఈయన ముందు నీళ్లు, పచ్చిక గీశాడు. ఐదు సరస్సులు, వాటిని కలుపుతూ కిలోమీటర్ల పొడవున కాలువలు, వాటి వెంట విశాలమైన పచ్చిక బయళ్లు. వీటన్నిటికీ జాగా పోగా మిగిలింది ప్లాట్లయింది. ఇవేవీ సహజమైన ఏర్లు కావు, తవ్వి, పంపులతో నీళ్లు పారించినవి. పాత వేట బాటలు తిన్నగా ఉన్నచోట తిన్నగానే ఉంచి, మిగతా రోడ్లను వంపులు తిప్పాడు. పచ్చిక బయళ్లను కూడా చూపు దూరంగా సాగేలా, చుట్టూ ఉన్న గుట్టలు కనపడేలా పరిచాడు. ఊళ్లో నిలబడితే ఊరి అవతలి కొండ కూడా మన తోటలో భాగమే అనిపిస్తుంది.

మా అమ్మాయి ఇంటి వెనక వీధిలో అలాంటి కాలువ ఒకటుంది. కుర్రాళ్లు ఒక్క ఉరుకులో దాటేయగలరు, అంతే వెడల్పు. గట్టుకు రాతి కట్టడం లేదు, పచ్చిక అలా వాలుగా దిగి నీళ్లలో కలిసిపోతుంది. మీద ఒక చిన్న చెక్క వంతెన. కాలువకు రెండు వైపులా ఇళ్ల పెరళ్లున్నాయి గానీ, ఏ ఇంటి కంచె కూడా నీళ్ల దాకా జరిగి రాలేదు. సాయంత్రం అక్కడ నడుస్తుంటే మా ఆవిడ అడిగింది: "ఏమండీ, ఇంత జాగా ఇన్నేళ్లూ ఎవరూ కలుపుకోకుండా ఎలా ఊరుకున్నారు?" జవాబు దస్తావేజుల్లో ఉంది.

1863లో కంపెనీ ఒక షరతుల పత్రం తయారుచేసింది. ప్లాటు కొన్న ప్రతివాడికీ అది వర్తించేది, ఆ ప్లాటు తర్వాత ఎవరి చేతికి వెళ్లినా షరతులూ దాంతోపాటే వెళ్లేవి. పచ్చిక బయళ్లలో ఎప్పటికీ కట్టడాలు కూడదు. ఫ్యాక్టరీలు కూడదు. వ్యాపారం దానికి కేటాయించిన చోటే జరగాలి. కంచెలు చూపుకు అడ్డం రాకూడదు. ఇంటి ముందరి తోట రోడ్డు మీద పోయేవాడికీ కనపడాలన్నది ఆలోచన. బ్రోచర్‌లో బొమ్మ వేసి వదిలేయకుండా, చెప్పిన మాటను రిజిస్ట్రేషన్ కాగితానికి కట్టేశారు. కంపెనీ ఎప్పుడో పోయింది, షరతులు మాత్రం ఇళ్లతోపాటు చేతులు మారుతూ వచ్చాయి. నా సర్వీసులో నేను చదివిన లేఅవుట్ షరతులన్నిటిలో ఇంత పదునైనది ఇంకోటి లేదు.

ఇది ఎందుకంత గట్టిగా తగిలిందో చెబుతాను. మన నిబంధనల్లోనూ పది శాతం ఖాళీ స్థలం వదలాలనే ఉంది, దాన్ని గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు అప్పగించాలనీ ఉంది. నేను స్వయంగా గీసిన ఒక లేఅవుట్‌లో వేపచెట్టు చుట్టూ పార్కు పెట్టాను, చెట్టు కొట్టకుండా ఉండేందుకే రోడ్డును కాస్త పక్కకు జరిపాను. కొన్నేళ్లకు అటువైపు వెళ్తే అక్కడ ఫంక్షన్ హాలుంది. ప్లాన్ మీద ఆకుపచ్చ రంగు వేసింది నేనే, అప్రూవల్ స్టాంపూ పడింది, కానీ ఆ కాలనీలో ప్లాటు కొన్న ఒక్కరి దస్తావేజులోనూ ఆ పార్కు ఊసే లేదు. లె వెజినెలో పార్కు పక్కింటివాడి దస్తావేజులో కూడా ఉంది. అది పోతే తన హక్కు పోయినట్టే, అందుకే అడుగుతాడు. ఈ ఊరి చరిత్ర కోసం ఒక సంఘం పనిచేస్తోంది, ఈ ఆకారాన్ని కాపాడాలని ఇంకో సంఘమే ఉంది.

ఇళ్ల సంగతి. ఒకే నమూనా విల్లాలు వరసగా ఉండవు, ఎవరి అభిరుచి వారిది: ఇటుకవి, చెక్కవి, చిన్న కోటల్లాంటివి. తర్వాతి కాలంలో పారిస్ మెట్రో గుమ్మాలు చేసిన హెక్టర్ గిమార్ 1896లో కట్టిన విల్లా బెర్త్ ఇక్కడే ఉంది. ఐబిస్ సరస్సు దగ్గరి పింక్ ప్యాలెస్ అన్నిటికంటే పేరున్నది. వెర్సాయ్‌లోని గ్రాండ్ ట్రియనాన్‌ని చూసి కట్టించుకున్న భవనమది. కొంతకాలం మన టాటాల కుటుంబంలో ఒకరి చేతిలో ఉండి, 1908లో కవి మోంతెస్క్యూకి, తర్వాత ఇటలీ సంపన్నురాలు కసాటికి వెళ్లింది. నల్లజాతి నర్తకి జోసెఫిన్ బేకర్ కూడా 1929 నుంచి ఈ ఊళ్లో తన విల్లాలో ఉంది. అమెరికాలో రంగు చూసి పక్కన పెట్టిన మనిషి ఇక్కడ పెద్ద తోటలో ఇల్లు కొనుక్కుందని తెలిసి మా ఆవిడ ఆ గేటు ముందు ఆగి చేతులు జోడించింది. ఈ ఇళ్లన్నీ ప్రైవేటువి, బయటి నుంచి చూడటమే.

ఇక లోపాలు. మొదటిది, పొదల కంచెలు. ఇనప ఊచల కంచె తక్కువ ఎత్తులోనే ఉన్నా, దాని వెనక పెంచిన పొద చాలాచోట్ల మనిషి ఎత్తు దాటింది. షరతు అక్షరంలో నిలిచింది, దాని ఉద్దేశం మాత్రం ఆకుల వెనక పడిపోయింది. నాకిది బాధ కలిగించింది. కొన్ని వీధుల్లో నడుస్తుంటే రెండు పచ్చ గోడల మధ్య వెళ్తున్నట్టే ఉంది, షూలో కోరుకున్న చూపు అక్కడ లేదు.

రెండోది ఇంకా పెద్దది. ఇక్కడ మామూలు జీతగాడు ఇల్లు కొనలేడు. ఇలాంటి పట్టణాల్లో 25 శాతం ఇళ్లు తక్కువ అద్దెకు దొరికే సామాజిక గృహాలై ఉండాలని ఫ్రాన్స్ చట్టం. ఈ ఊరు ఆ లెక్కకు చాలా దూరంలో ఉంది. ఖాళీ జాగా లేదు, కాపాడాల్సిన పచ్చిక ఉంది అన్నది వాదన. నేను పూర్తిగా ఒప్పుకోను. పచ్చిక ముట్టుకోకుండానే స్టేషన్ల దగ్గర, పాత భవనాల్లో చోటు చూడొచ్చు. ఫ్రాన్స్ చక్రవర్తి నెపోలియన్-3 కాలంలో, 1859లో, జబ్బుపడి కోలుకుంటున్న కార్మిక స్త్రీల కోసం పెద్ద ఆశ్రమం తెరిచింది ఈ ఊళ్లోనే. డబ్బులేనివాళ్లకు చోటిచ్చిన చరిత్ర ఈ ఊరికి లేకపోలేదు.

చిన్న ఇబ్బందులు: సోమవారం చాలా షాపులు మూసి ఉంటాయి, ఆదివారం మధ్యాహ్నం తర్వాత పాల ప్యాకెట్ కోసం కూడా తిరగాలి. కరివేపాకు, కందిపప్పు కావాలంటే పారిస్ గార్ దు నార్ వెనక తమిళుల షాపులకు వెళ్లాల్సిందే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు దూరాలు కాస్త ఎక్కువే, కానీ నేలంతా చదును, ఎక్కడా ఎక్కుడు లేదు.

వెంచర్‌గా మార్కులు వేయమంటే పదికి ఎనిమిది వేస్తాను. తగ్గిన రెండూ పొదలకూ అద్దెలకూ. లేఅవుట్లు వేసేవాళ్లు, అప్రూవల్ ఇచ్చేవాళ్లు పారిస్ టూర్ వస్తే ఒక పూట దీనికి కేటాయించండి. పారిస్‌లోని షార్ల్ ద గాల్ ఎత్వాల్ స్టేషన్‌లో ఆర్‌ఈఆర్-ఏ అనే లోకల్ రైలెక్కండి, సెయింట్ జర్మెయిన్ వైపు వెళ్లేదే చూసి ఎక్కాలి, ఎందుకంటే మధ్యలో లైన్లు చీలుతాయి. ఇరవై నిమిషాల ప్రయాణం, 2025లో టికెట్ 2.50 యూరోలు. లె వెజినె సెంటర్‌లో దిగి, కాంక్రీటుతో కట్టిన తొలి చర్చిల్లో ఒకటైన సెయింట్ మార్గరెట్ చర్చి చూసి, అక్కణ్నుంచి ఐబిస్ సరస్సు వైపు నడవండి. తర్వాత ఏదో ఒక కాలువ పట్టుకుని దాని వెంటే పోండి. తిరుగు ప్రయాణానికి లె వెజినె లె పెక్ స్టేషన్ ఉంది, మళ్లీ వెనక్కి నడవక్కర్లేదు. తినడానికి ఏమైనా వెంట తీసుకెళ్తే సరస్సు గట్టున కూర్చుని తినొచ్చు. మేము పులిహోర తీసుకెళ్లాం.