మిషిగన్ సరస్సులో సాల్మన్‌కి బోటా, కట్టా?

పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండ్‌లో మాతో నడిచేవాళ్ళలో సగం మంది పిల్లలు అమెరికాలోనే ఉన్నారు. పోయినేడు మిషిగన్ సరస్సు ఒడ్డునున్న మిల్వాకీలో మా అబ్బాయి దగ్గర నాలుగు నెలలుండి, సాల్మన్ పట్టుకుని దిగిన ఫోటో గ్రూపులో పెట్టాను. అప్పటి నుంచి తిరుపతిలో ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: "సార్, మేమూ పోతున్నాం. బోటు మాట్లాడుకోవాలా, కట్ట మీద నుంచి వేసినా పడతాయా?"

ఆరణియార్‌లోనో, ఊరి చెరువులోనో ఎర్రలు గుచ్చి గాలం వేసిన అలవాటు ఉన్నవాళ్ళకే ఇది రాస్తున్నా. ఆ అలవాటులో ఒక్క సంగతి మాత్రం తిరగేసుకోవాలి. మన చేపలు ఎండను ఓర్చుకుంటాయి. కొరమీనైతే చెరువు అడుగంటినా పైకొచ్చి గాలి పీల్చుకుని బతికేస్తుంది. సాల్మన్, ట్రౌట్‌లకు అంత ఓర్పు లేదు. సాల్మన్‌కి నీళ్ళు 10 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉంటేనే హాయి. కాబట్టి డబ్బు, ఓపిక సంగతి తర్వాత. ఆ రోజు చల్లటి నీళ్ళు ఎక్కడున్నాయో తెలిస్తే బోటా, కట్టా అన్నది దానంతటదే తేలిపోతుంది.

మిషిగన్ సరస్సు విస్తీర్ణం 58,000 చదరపు కిలోమీటర్లు. పాత చిత్తూరు జిల్లాలాంటివి దాదాపు నాలుగు పడతాయి. మహా లోతైన చోట 281 మీటర్లు. జులైలో పైనీళ్ళు 20 డిగ్రీలు దాటితే సాల్మన్ ఒడ్డు వదిలేసి లోపలికి, లోతుకు పోతుంది. అప్పుడు కట్ట మీద రోజంతా నిలబడ్డా చేతులు నొప్పి పుట్టడమే. బోటు ఎక్కాల్సిందే.

బోటులో పని ఇలా ఉంటుంది. నాలుగైదు కిలోల సీసపు గుండును తీగతో నీళ్ళలోకి దించుతారు. మన దారాన్ని ఆ తీగకు చిన్న క్లిప్పుతో తగిలిస్తారు. గుండు ఎంత లోతుకు పోతే ఎర అంత లోతుకు. ఎర అంటే ఎర్రలూ కాదు, సంగటి ముద్దా కాదు, చెమ్చా ఆకారంలో తళతళలాడే రేకు. బోటు మనిషి వడివడిగా నడిచేంత వేగంతో కదులుతూ ఉంటుంది, ఆరేడు కర్రలు వంగి ఉంటాయి. చేప కొట్టగానే క్లిప్పు ఊడి, వంగిన కర్ర ఒక్కసారి నిటారుగా లేస్తుంది. ఆ క్షణం కోసం ఎంత డబ్బైనా ఇవ్వొచ్చు. ఆ తర్వాతే నాకు నచ్చలేదు. కర్ర తీసి చేతికిచ్చేది బోటువాడు, ఏ లోతు, ఏ రేకు అని తేల్చేది బోటువాడు, వలలో ఎత్తేదీ వాడే. మనం రీలు తిప్పుతాం, ఫోటో దిగుతాం. పెళ్ళి మనది, తాళి కట్టేది ఇంకొకడు అన్నట్టుంది.

చేపలు పడతాయా అంటే, పడతాయి. ఆ రోజు మా ఆరుగురికీ కలిపి తొమ్మిది వచ్చాయి. కెప్టెన్‌తో పాటు ఆరుగురు ఎక్కే బోట్లే ఎక్కువ, ఖర్చు ఆరు భాగాలు చేసుకుంటే మరీ భారం కాదు. అలలకు మాత్రం జాగ్రత్త. సరస్సే కదా అని నేను ఉప్మా దిట్టంగా తిని ఎక్కాను. గంటకల్లా అది సరస్సుకే నైవేద్యమైంది.

ఇక కట్ట. మిల్వాకీ, రసీన్, కెనోషా, షెబోయ్‌గన్, ఎక్కడ చూసినా హార్బర్ దగ్గర నీళ్ళలోకి పొడుగ్గా పోయే సిమెంటు కట్టలు ఉంటాయి. జులైలో వేస్ట్ అన్నాను కదా, దానికీ ఒక మినహాయింపు ఉంది. పడమర, నైరుతి గాలి రెండు మూడు రోజులు విడవకుండా వీస్తే పైనున్న వెచ్చటి నీళ్ళు అవతలి ఒడ్డు వైపు జరిగిపోతాయి. ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లటి నీళ్ళు పైకొస్తాయి. నిన్న పిల్లలు ఈదిన చోట ఈరోజు కాలు పెడితే జివ్వుమంటుంది. ఆ రోజు సాల్మన్ కట్ట దాకా వస్తుంది. నేను రోజూ పొద్దున్నే కాలు తడిపి చూసేవాణ్ణి. కోడలు నవ్వేది.

కట్టకు అసలు కాలం సెప్టెంబరు. ఈ చేపలు ఆ సరస్సువి కావు. ఆల్‌వైఫ్ అనే చిన్న చేప విపరీతంగా పెరిగిపోతే, దాన్ని తినడానికి 1966లో కోహో, 1967లో చినూక్ అనే సాల్మన్ రకాలను మిషిగన్ రాష్ట్రంవాళ్ళు తెచ్చి వదిలారు. ఇప్పటికీ ఏటా పిల్లల్ని వదులుతుంటారు. ఆ పిల్లలు పెద్దవై, గుడ్లు పెట్టే వేళకు తాము వదిలిన హార్బరుకే తిరిగొస్తాయి. అప్పటికి మేత మానేసి ఉంటాయి, విసుగుతో రేకును కొడతాయి. అదీ రాత్రి పూట. చీకట్లో మెరిసే రంగు రేకు మీద పది సెకన్లు టార్చి వేసి విసరాలి, మెల్లగా లాగాలి, మళ్ళీ టార్చి, మళ్ళీ విసరాలి. రెండు రాత్రులు ఉత్త చేతులతో వచ్చాను. మూడో రాత్రి రెండున్నరకు దారం బిగిసింది. రీలు కుయ్యిమని అరిచింది, వంద మీటర్లు పోయాక గానీ ఆగలేదు. కట్ట నీళ్ళకు ఆరడుగుల ఎత్తు, నా దగ్గర వల లేదు. పక్కన గాలం వేస్తున్న ముసలాయన తన కర్ర కింద పడేసి, పొడుగు కాడ వల పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఎనిమిది కిలోల చినూక్. గ్రూపులో మీరు చూసిన ఫోటో అదే.

తిండికి మాత్రం అది పనికిరాలేదు. గుడ్లకొచ్చిన చేప ఒళ్ళు నల్లబడి, కండ మెత్తబడిపోతుంది. మా ఆవిడ పులుసు పెడితే ముక్క విడిపోయింది. జులైలో బోటు మీద పట్టిన వెండి రంగు కోహో పెనం మీద వేపుడుకు అద్భుతం. ఏదైనా సరే తోలు, కొవ్వు తీసేయండి. ఆ సరస్సు పెద్ద చేపల కొవ్వులో రసాయనాలు చేరతాయి, ఎన్ని తినొచ్చో అక్కడి ప్రభుత్వమే చెబుతుంది.

వాగుల్లో దిగి పట్టడం మన మోకాళ్ళకు కాదు. డబ్బు కట్టి ట్రౌట్ పట్టే కుంటలు మనవళ్ళకు ఆట. అమెరికా దాకా ఎందుకంటారా, నీలగిరుల్లో అవలాంచి వైపు బ్రిటిష్ కాలం నుంచీ ట్రౌట్ ఉంది, కానీ అది వేరే ఆట. లైసెన్సు మాత్రం మర్చిపోవద్దు. మిల్వాకీ ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రంలో పదహారేళ్ళు నిండిన అందరికీ కావాలి, సాల్మన్‌కి అదనంగా స్టాంపు, అంటే ఇంకో అనుమతి కూడా.

మొన్న రిటైరైన మా లెక్చరర్ మిత్రుడిది జూన్ పది టికెట్టు, ఆగస్టు ఆఖరుకు వాపసు. ఆయన బోటే ఎక్కాలి, వేరే దారి లేదు. "రిటర్న్ టికెట్టు ఒక్క నెల జరుపుకో అన్నా, కట్ట మీద నిలబడొచ్చు" అన్నాను. వినాయక చవితికి ఇంట్లో ఉండాలట.