నా గిటార్‌లో ఐదేళ్లుగా సేమూర్ డంకన్ 59 హంబకర్లు

సేమూర్ డంకన్ కంపెనీ చేసిన ఈ జత హంబకర్లు (స్ట్రింగుల కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే, రెండు కాయిల్స్ ఉన్న పికప్‌లు) నా గిటార్‌లోకి ఎక్కి ఐదేళ్లు దాటింది. ఆదివారం చర్చిలో, ముహూర్తాలున్న నెలల్లో అనంతపురం చుట్టుపక్కల కల్యాణ మండపాల్లో ఆర్కెస్ట్రాతో, మిగతా రోజుల్లో ఇంట్లో చిన్న ఆంప్ (యాంప్లిఫయర్) మీద ఇన్నాళ్లూ ఇవే వాయించాను. కొన్న కొత్తలో రాసి ఉంటే అన్నీ పొగడ్తలే ఉండేవి. ఇప్పుడు వాటి స్వభావం చేతికి బాగా తెలిసింది కాబట్టి రాస్తున్నాను.

గిటార్ గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ మోడల్ తరహాది, తక్కువ ధరది. చెక్క మంచిది, నెక్ తిన్నగా ఉంది, ట్యూనింగ్ నిలుస్తుంది. చిక్కంతా దానితో వచ్చిన పికప్‌లతోనే. నెక్ పికప్ (గిటార్ మెడ వైపుది) మీద ఒక్కో స్వరం మీటితే తియ్యగానే ఉండేది కానీ కార్డు (కలిపి మీటే స్వరాల గుంపు) కొడితే ఆరు స్ట్రింగులూ కలిసి సంగటి ముద్ద అయిపోయేవి. చర్చిలో కీబోర్డు వాయించేవాడి ఎడమ చెయ్యి, బేస్ గిటార్, కిక్ డ్రమ్ అన్నీ కింది స్థాయిలోనే మోగుతాయి. నా కార్డులు కూడా అక్కడే పడి వాటిలో కలిసిపోయేవి. "అన్నా, నీ గిటార్ నాకు వినపడట్లేదు, కాస్త పెంచు" అనేవాడు కీబోర్డు తమ్ముడు. పెంచితే ముద్ద పెద్దదయ్యేదే తప్ప విడివడేది కాదు.

అప్పుడు నేను చేసిన పని, అంకె చూసి పికప్ కొనడం. బ్రిడ్జి (స్ట్రింగులు ఆనే కింది కొస) వైపు కోసం సిరామిక్ అయస్కాంతం ఉన్న ఒక హంబకర్ తీసుకున్నాను. దాని రెసిస్టెన్స్ 16 కిలో ఓమ్స్. పాతదానికి రెట్టింపు కదా, అంత బలంగా, అంత స్పష్టంగా మోగుతుందనుకున్నాను. ఓమ్స్ లెక్క చెప్పేది బాబిన్‌కు చుట్టిన రాగి తీగ ఎంత పొడవు, ఎంత సన్నం అన్నది మాత్రమే. తీగ సన్నబడితే అదే పొడవుకు కూడా ఓమ్స్ పెరుగుతాయి. చుట్లు బాగా పెరిగితే మధ్యస్థాయి ముందుకొచ్చి, పైస్థాయిలో ఉండే తళుకు తగ్గుతుంది. డిస్టార్షన్ వేసి సోలో వాయిస్తే ఆ పికప్ గర్జించేది. మెలోడీ పాటకు క్లీన్‌గా వాయించబోతే మాత్రం ఆంప్ ముందే గరగరమనేది. మా ఆర్కెస్ట్రాలో పది పాటల్లో ఎనిమిది మెలోడీలే.

దాన్ని బిగించినప్పుడే ఇంకో తంటా వచ్చింది. స్విచ్ మధ్యలో పెట్టి రెండు పికప్‌లూ కలిపితే శబ్దం పెరగాల్సింది పోయి పీలగా, ముక్కుతో మాట్లాడినట్టు వచ్చేది. అనంతపురం పాతూరులో రేడియోలు రిపేరు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముల్లు ఉన్న పాత మల్టీమీటర్ తీసి, దాని రెండు కొసలూ పికప్ వైర్లకు పెట్టి, స్క్రూడ్రైవర్‌ను పికప్ తల మీద ఆనించి చటుక్కున లాగాడు. ముల్లు కుడివైపు ఒక్క ఎగురు ఎగిరింది. రెండో పికప్ మీద అదే పని చేస్తే ముల్లు ఎడమకు కొట్టుకుంది. "ఏం నాయనా, రంగులు చూసి అతికించినావా? అవి కంపెనీకొక తీరుగా ఉంటాయి, ముల్లు చూడాల" అన్నాడు. తొడుగు లేని బేర్ వైరును గ్రౌండ్‌లోనే ఉంచి, మిగిలిన రెండు కొసలు తారుమారు చేయగానే మధ్య స్థానం నిండుగా పలికింది. సేమూర్ డంకన్‌లో నలుపు వైరు హాట్ (సంకేతాన్ని తీసుకెళ్లేది) అయితే, డిమార్జియో అనే ఇంకో కంపెనీలో ఎరుపు హాట్. రెండు కంపెనీలవి కలిపి బిగించేవాళ్లు సోల్డరింగ్‌కు ముందే ఈ ముల్లు పరీక్ష చేసుకోండి. డిజిటల్ మీటర్‌లో ఆ ఎగురు అంత తేలిగ్గా కనపడదు.

ఇంకో సంగతి కూడా ఆయన దగ్గరే బయటపడింది. నాబ్‌ల కింద ఉన్న పాట్లు (వాల్యూమ్, టోన్ మార్చే పొటెన్షియోమీటర్లు) కొలిస్తే 240 కిలో ఓమ్స్ దగ్గర ఆగాయి. హంబకర్లకు మామూలుగా వేసేది 500. ఒకే కాయిల్ ఉన్న పికప్‌లకు వాడే 250 వేస్తే పైస్థాయి తరిగిపోతుంది. పైగా నేను స్టేజి మీద వాడుతున్నది పది మీటర్ల కేబుల్. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ దాని కెపాసిటెన్స్ పెరిగి మెరుపును ఇంకాస్త మింగేస్తుంది. 500 పాట్లు వేసి, కేబుల్ సగానికి తగ్గిస్తే ముద్దతనంలో సగం అక్కడే పోయింది. పికప్ కొనే ముందు ఈ రెండూ చూసుకోమని ఎవరడిగినా చెబుతాను, ఖర్చు చాలా తక్కువ.

మిగిలిన సగం కోసం 59 జత కొన్నాను. పికప్ అనేది చెప్పుల మాదిరి వేసుకుని చూసి కొనే వస్తువు కాదు. బెంగళూరు మనకు బస్సులో నాలుగైదు గంటల దూరం. అక్కడున్న మిత్రుడి గిటార్‌లో ఇవే ఉంటే ఒక పూటంతా వాయించి చూశాను. నా ఆంప్ తీసుకెళ్లలేదు కానీ నా కేబుల్, నా ప్లెక్ట్రమ్ (స్ట్రింగులు మీటే ముక్క) తీసుకెళ్లాను. జతకు పెట్టిన డబ్బు నా గిటార్ ఖరీదులో దాదాపు ముప్పావు వంతు. ఇంట్లో దీని మీద మాట పడ్డాను.

పేరులో 59 ఎందుకంటే, 1959 నాటి హంబకర్ల స్వరాన్ని తిరిగి తెచ్చే పికప్ ఇది. గిబ్సన్ ఇంజినీర్ సెత్ లవర్ 1955లో పేటెంట్‌కు దరఖాస్తు పెడితే అది 1959లో మంజూరైంది. ఆ కాలపు చాలా పికప్‌ల అడుగున పేటెంట్‌కు దరఖాస్తు చేశామని (పేటెంట్ అప్లైడ్ ఫర్) స్టిక్కర్ ఉండేది. గిటార్ లోకంలో పీఏఎఫ్ అనేది దాని పొట్టిపేరే. నా జతలో అయస్కాంతం ఆల్నికో 5 అనే లోహ మిశ్రమం. రెసిస్టెన్స్ నెక్‌కు సుమారు 7.4, బ్రిడ్జికి సుమారు 8.1 కిలో ఓమ్స్. సిరామిక్‌దాని అంకెలో సగం.

బిగించాక మొదటి కార్డు కొట్టినప్పుడు శబ్దం తగ్గినట్టే అనిపించింది. ఆంప్ రెండు గీతలు పెంచాను. అప్పుడు వినపడింది తేడా. మేజర్ సెవెంత్ కార్డు కొడితే నాలుగు స్వరాలూ పొడిపొడిగా అన్నం మెతుకుల్లా విడివిడిగా వచ్చాయి. మెల్లగా మీటితే మెల్లగా, గట్టిగా కొడితే కోపంగా పలికింది. అన్నిటికన్నా నేను ప్రేమించేది వాల్యూమ్ నాబ్‌ను. పదిలో ఆరు దగ్గర ఉంచితే పల్లవి వెనుక మెత్తని కార్డులు, తొమ్మిదికి తిప్పితే బీజీఎంలో సోలో. కాలికింద పెడల్ వెతుక్కునే టెన్షన్ పోయింది.

మండపాల్లో హమ్ సంగతి చెప్పాలి. సీరియల్ లైట్లు, జనరేటర్, డిమ్మర్లు అన్నీ ఒకే చోట ఉంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ జుయ్‌మనే రొద గాలిలోంచే కాయిల్‌లోకి వస్తుంది. హంబకర్‌లో రెండు కాయిల్స్ ఎదురు దిశల్లో కలిసి ఉంటాయి కాబట్టి రొద ఒకదానిలో లేస్తే రెండోదానిలో దిగి, రెండూ కొట్టుకుపోతాయి. అయస్కాంత ధ్రువాలు కూడా తారుమారుగా పెట్టినందువల్ల స్ట్రింగ్ శబ్దం మాత్రం కలిసి పెరుగుతుంది. ఇంత చేసినా స్ట్రింగులు పట్టుకుంటే ఆగి, వదిలితే మొదలయ్యే బుయ్‌మనే శబ్దం ఉంటే అది పికప్ చేతిలో లేదు. ముందు గ్రౌండ్ వైరు, మండపం ఎర్తింగ్ చూడండి.

మొదటి ఆరు నెలలూ నెక్ పికప్ నాకు పూర్తిగా నచ్చలేదు. ఆల్నికో 5 వల్ల కింది స్థాయి బిగువుగా వస్తుంది, లెస్ పాల్ తరహా గిటార్‌లో నెక్ స్థానానికి అది కాస్త ఎక్కువే. స్ట్రింగ్ ఎక్కువ వెడల్పుగా ఊగేది అక్కడే కాబట్టి ఎత్తులో చిన్న తేడా కూడా పెద్దగా వినపడుతుంది. ఆఖరి ఫ్రెట్ నొక్కి పట్టి, స్కేలు పెట్టి, ఒక్కో స్క్రూ పావు తిప్పు చొప్పున వారం రోజులు కూర్చున్నాను. లావు స్ట్రింగ్ వైపు 3 మిల్లీమీటర్లకు దించి, సన్న స్ట్రింగ్ వైపు 2.3 దగ్గర ఆపాను. బ్రిడ్జి 2 మిల్లీమీటర్లు. ఆ తర్వాత ఇప్పటిదాకా ముట్టుకోలేదు. బాగా దగ్గరికి తెస్తే శబ్దం పెరుగుతుంది కానీ అయస్కాంతం స్ట్రింగ్‌ను లాగి స్వరాన్ని తొందరగా ఆపేస్తుంది.

నాలుగు వైర్ల రకం కొని పుష్‌పుల్ పాట్‌తో (పైకి లాగితే స్విచ్‌గా పనిచేసే నాబ్) కాయిల్ స్ప్లిట్, అంటే ఒక్క కాయిల్‌నే వాడే ఏర్పాటు, కూడా పెట్టించాను. చుట్లు తక్కువున్న పికప్‌లో ఒక కాయిల్ తీసేస్తే మిగిలేది పల్చటి శబ్దం, పైగా హమ్ తిరిగొస్తుంది. చర్చిలో ప్రార్థన వెనుక ఆర్పెజియోలకు (కార్డు స్వరాలను ఒక్కొక్కటిగా మీటడానికి) బాగుంటుంది. మండపంలో ఎప్పుడూ వాడను. దీనికోసమే ఖర్చు పెట్టనక్కర్లేదు.

ఐదేళ్లలో పాడైందేమీ లేదు. మైనం పోసిన పికప్‌లు కాబట్టి స్టేజి మోనిటర్ స్పీకర్ పక్కనే నిలబడినా కీచుమనవు. మన ఎండాకాలపు చెమటకు నికెల్ కవర్ల మెరుపు తగ్గింది, అంతే.

మెటల్ వాయించేవాళ్లకు ఇవి చాలవు, ఆంప్ గెయిన్ ఎంత పెంచినా ఆ బరువు రాదు. నా సిరామిక్ పికప్ డబ్బాలో ఏళ్ల తరబడి పడి ఉంది. ఇంజినీరింగ్ చదివే మా వీధి కుర్రాడు ఒకడు కాలేజీ బ్యాండులో వాయిస్తాడు, వాడి గిటార్ కీచుగా, బలం లేకుండా ఉండేది. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఆ పికప్ వాడి బ్రిడ్జిలో నేనే అతికించాను, ముల్లు పరీక్ష చేసి మరీ. వాడు డిస్టార్షన్ వేసి ఒక పవర్ కార్డు కొట్టి చెయ్యెత్తి అలాగే నిలబడిపోయాడు. నా చేతిలో గరగరమన్న పికప్ అక్కడ నిండుగా, బరువుగా మోగింది. "అన్నా, ఇంత మంచిదాన్ని ఎందుకు తీసేసినావు?" అనడిగాడు.