తెలుగు చదివేవాడి ఫైర్‌ఫాక్స్: ఏళ్లు వాడాక మిగిలిన యాడ్-ఆన్లు

నా ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో ఇప్పుడున్న యాడ్-ఆన్లు, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఏళ్ల తరబడి పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి రోజూ పనికొచ్చేవే ఉంచుకున్నాను. నెట్‌లో నేను ఎక్కువగా చేసే పని తెలుగు చదవడం. పేపర్లు, వికీపీడియా, కథలు, సాహిత్య పత్రికలు, ఏది దొరికితే అది. కాబట్టి ఈ సమీక్ష కూడా ఆ వైపు నుంచే ఉంటుంది. బ్రౌజర్‌ని మనకు తగ్గట్టు మార్చుకోవడం చాలామందికి సరదా కావచ్చు గానీ, గంటల తరబడి తెలుగు చదివేవాళ్లకి అది అవసరం అని నా గట్టి నమ్మకం.

ముందు యాడ్స్‌ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్. రేమండ్ హిల్ 2014లో మొదలుపెట్టిన ప్రాజెక్టు, పూర్తిగా ఓపెన్ సోర్స్, విరాళాలు కూడా అడగరు. చాలామంది ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తారు, అలా వదిలేసినా యాడ్స్ పోతాయి, అందులో తేడా లేదు. కానీ దాని అసలు బలం లోపల ఉంది. సెట్టింగ్స్‌లో, ఏవేవి ఆపాలో రాసి ఉండే ఫిల్టర్ లిస్టుల పేజీకి వెళ్తే ప్రాంతాలు, భాషల వారీ లిస్టుల్లో ఇండియన్‌లిస్ట్ అని ఒకటుంటుంది, దానికి టిక్ ఉందో లేదో చూసుకోండి. మన సైట్లలో మిగిలిపోయే చెత్త చాలావరకు దాంతో పోతుంది. ఇంకా ఏమైనా మిగిలితే డ్రాపర్ బొమ్మ నొక్కి, ఏ బాక్సు కనబడకూడదో దాని మీద క్లిక్ చేస్తే మళ్లీ ఆ సైటుకి ఎప్పుడు వెళ్లినా అది ఉండదు. వార్త మధ్యలో ప్రతి రెండు పేరాలకీ వచ్చే ‘ఇవి కూడా చదవండి’ బాక్సులూ, పక్కన తేలుతూ మన వెంటే కిందకి దిగే వీడియో, ఇవన్నీ నేను అలా తీసేసినవే.

దీనికంటే నాకు నచ్చేది హ్యాజ్-టెక్స్ట్ అనే ఫిల్టర్. బాక్సు లోపల ఏ మాట ఉందో చూసి దాచేస్తుంది, తెలుగు అక్షరాలతో కూడా చక్కగా పనిచేస్తుంది. హెడ్డింగులో ‘రాశిఫలాలు’ అని ఉన్న బాక్సు మొత్తం కనబడొద్దు అని ‘మై ఫిల్టర్స్’లో ఒక్క లైను రాసుకుంటే చాలు. ‘గ్యాలరీ’, ‘వైరల్’ లాంటి మాటలకీ ఇలాగే రాసుకున్నాను, ఇప్పుడు నేను చూసే పేపర్ మొదటి పేజీలో వార్తలు మాత్రమే ఉంటాయి. సైటు డిజైన్ మార్చినప్పుడల్లా ఆ లైన్లు మళ్లీ సరిచూసుకోవాలి, ఆ ఓపిక కావాలి. అప్పుడప్పుడు ఏదో పేమెంట్ పేజీ ముందుకు కదలదు, అప్పుడు పవర్ బటన్ నొక్కి ఆ సైటు వరకు ఆపేసి రీలోడ్ చేయండి. నేను ఇష్టంగా చదివే చిన్న తెలుగు పత్రికలకైతే ఎప్పుడూ ఆపే ఉంచుతాను. వాళ్లకి వచ్చే నాలుగు రూపాయలు కూడా నేనే ఆపేస్తే ఎలా?

క్రోమ్‌లో ఇదే యాడ్-ఆన్ ఉండేది కదా అంటారు. ఉండేది. ఎక్స్‌టెన్షన్లు, అంటే యాడ్-ఆన్లే, ఎలా పనిచేయాలో చెప్పే మానిఫెస్ట్ వీ3 అనే కొత్త పద్ధతికి మారుతూ గూగుల్ 2024లో పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లను ఆపడం మొదలుపెట్టి, 2025కల్లా పూర్తిగా ఆపేసింది. పాత పద్ధతిలో పేజీ అడిగే ప్రతి రిక్వెస్టునీ ఎక్స్‌టెన్షన్ స్వయంగా చూసి ఆపగలిగేది. కొత్తదాంట్లో ముందే రూల్స్ రాసి బ్రౌజర్ చేతికిస్తే బ్రౌజరే ఆపుతుంది. క్రోమ్ వాళ్లకి యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అని ఒకటుంది, మామూలు యాడ్స్ వరకు బాగానే ఆపుతుంది గానీ అసలుదానికున్నంత చేవ లేదు. ఫైర్‌ఫాక్స్ కొత్త పద్ధతిని తెచ్చి పాతదాన్నీ ఉంచింది. నేను బ్రౌజర్ మార్చకపోవడానికి ఇదొక్క కారణం చాలు.

ఇక స్టైలస్. తెలుగు చదివే ప్రతి ఒక్కరికీ నేను ముందు చెప్పేది దీని గురించే. ఏ సైటుకైనా పేజీ రూపం చెప్పే మన సొంత సీఎస్ఎస్ కోడ్ తగిలించుకోవచ్చు, అంటే ఫాంటు, సైజు, రంగు, లైన్ల మధ్య ఖాళీ మన ఇష్టం. చాలా తెలుగు సైట్ల డిజైన్ ఇంగ్లీషు అక్షరాల కొలతలతో చేసిందే, తర్వాత అందులో తెలుగు పోస్తారు. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ గ్యాప్‌లో ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటలు వస్తే పై లైను వత్తులు కింది లైను గుడుల్ని తాకుతుంటాయి, కొన్ని హెడ్డింగుల్లో వత్తు సగానికి తెగిపోయి కనిపిస్తుంది. లైన్-హైట్ 1.8 పెట్టి చూడండి, అదే పేజీ ఎంత తేలిగ్గా చదవొచ్చో తెలుస్తుంది. అక్షరాల మధ్య దూరం పెంచే లెటర్-స్పేసింగ్‌ని సున్నా చేసేయండి, అది ఇంగ్లీషు క్యాపిటల్ లెటర్స్‌కి అందంగా ఉంటుందేమో గానీ తెలుగు మాటని ముక్కలు ముక్కలుగా విడదీస్తుంది. ఇటాలిక్ కూడా తీసేయండి. తెలుగు ఫాంట్లకి సాధారణంగా ఇటాలిక్ గీయరు, బ్రౌజరే ఉన్న అక్షరాన్ని పక్కకి వంచేస్తుంది, చూడలేం.

ఫాంట్ల విషయానికొస్తే నేను చదివే భాగానికి మండలి పెట్టుకుంటాను, హెడ్డింగులకి నోటో సాన్స్ తెలుగు. మండలిలో బోల్డ్ విడిగా లేదు, బోల్డ్ అడిగితే బ్రౌజర్ అక్షరాన్ని లావు చేసి అలికేసినట్టు చూపిస్తుంది, అందుకే హెడ్డింగులకి దాన్ని వాడను. రామభద్ర హెడ్డింగుల కోసమే గీసిన ఫాంటు, కానీ పేజీ నిండా హెడ్డింగులుండే పేపర్ సైట్లలో మరీ బరువనిపించింది. ఇందులో తెలుసుకోవాల్సిన చిట్కా ఒకటుంది, యూనికోడ్ రేంజ్. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 128 స్థానాల బ్లాకు ఒకటుంది. ఈ ఫాంటు ఆ బ్లాకు వరకే వర్తించాలి అని సీఎస్ఎస్‌లో చెప్పేస్తే తెలుగు అక్షరాలు మన ఫాంటులో, ఇంగ్లీషు మాటలూ అంకెలూ సైటు ఫాంటులో కనిపిస్తాయి. ఇది తెలియకముందు ఫాంటు మారిస్తే ఇంగ్లీషు కూడా మారిపోయి పేజీ అంతా వింతగా ఉండేది. సీఎస్ఎస్ జోలికి వెళ్లలేం అనుకునేవాళ్లు ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లోనే ఫాంట్స్, అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి తెలుగుకి ఏ ఫాంటు కావాలో ఎంచుకోవచ్చు. సైటు తన సొంత ఫాంటు పెట్టుకున్నచోట మాత్రం ఇది పనిచేయదు.

పేజీని ఇలా మార్చుకునే అలవాటు నాకు పద్మ అనే ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్‌తో వచ్చింది. పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది, యూనికోడ్ వాడకంలోకి రాకముందు తెలుగు పేపర్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటుతో నడిచేవి, ఆ ఫాంటు లేకపోతే తెరమీద అర్థంకాని ఇంగ్లీషు గుర్తులే. వెతకడానికి లేదు, కాపీ చేయడానికి లేదు. పద్మ ఆ పేజీని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. తెలుగు కోసం పుట్టిన యాడ్-ఆన్, తర్వాత ఇతర భారతీయ భాషలకీ వెళ్లింది. పేపర్లు యూనికోడ్‌కి వచ్చేశాక దాని అవసరం తీరిపోయింది గానీ, తెలుగువాళ్లకి అంతగా ఉపయోగపడిన యాడ్-ఆన్ మరొకటి లేదంటాను.

ట్యాబుల సంగతి. ట్రీ స్టైల్ ట్యాబ్ లేకుండా నాకు పని నడవదు. ఒక పేజీలోంచి తెరిచిన లింకులన్నీ దాని కింద పిల్లల్లా, వంశవృక్షంలా వరసగా పక్కన నిలబడతాయి, ఏ వెతుకులాట ఎక్కడ మొదలైందో మర్చిపోము, పని అయిపోయాక తల్లి ట్యాబ్‌తో పాటు మొత్తం కొమ్మని మూసేయొచ్చు. తెలుగు హెడ్డింగులకి ఇంకో లాభం, పైన వరసగా ఉండే ట్యాబుల్లో రెండు మూడు అక్షరాలకి మించి కనబడవు, పక్కన నిలువుగా ఉంటే పేరు చదవగలం. 2025 మార్చిలో వచ్చిన 136వ వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్‌కే నిలువు ట్యాబులొచ్చాయి, కొత్తవాళ్లకి అవి చాలు, కానీ అందులో ఈ తల్లీపిల్లల వరస లేదు. 2017 నవంబరులో 57వ వెర్షన్ వచ్చి పాతకాలం యాడ్-ఆన్లన్నిటికీ తలుపు మూసినప్పుడు ఎన్నో మంచివి పోయాయి. ఇది మాత్రం కొత్త పద్ధతిలో తిరిగి రాసుకుని నిలబడింది, అందుకు దాని రచయితకి దండం పెట్టాలి.

మల్టీ-అకౌంట్ కంటైనర్స్ ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్లదే. ఆఫీసు మెయిలూ సొంత మెయిలూ ఒకే కిటికీలో పక్కపక్కనే తెరుచుకోవచ్చు, ఒకదాని కుకీలు, అంటే సైట్లు మన బ్రౌజర్‌లో దాచుకునే గుర్తులు, ఇంకోదానికి తెలియవు. బ్యాంకు పనికి విడిగా ఒకటి పెట్టుకున్నాను. హిస్టరీ, బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డులు మాత్రం అన్నిటికీ కలిపే ఉంటాయి, ఇంట్లో నలుగురు వాడే కంప్యూటర్ అయితే దీని బదులు ఒక్కొక్కరికీ అన్నీ విడిగా ఉండే ప్రొఫైల్స్ వాడండి.

తీసేసినవాటిలో పేజీ బ్యాక్‌గ్రౌండుని నల్లగా మార్చే డార్క్ రీడర్ ఒకటి. మంచి యాడ్-ఆనే, రాత్రిపూట చదివేవాళ్లు చాలామందికి అదే కావాలి. నా పాత లాప్‌టాప్‌లో మాత్రం పెద్ద పేజీలు మొరాయించాయి. పైగా నల్లటి బ్యాక్‌గ్రౌండు మీద తెల్లటి సన్న తెలుగు అక్షరాలు నా కళ్లకి చెదిరినట్టు ఉంటాయి, లేత గోధుమరంగు మీద ముదురు అక్షరం స్టైలస్‌లో పెట్టుకుంటే హాయిగా ఉంది.

ఫోన్‌లో కూడా ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్సే వాడతాను. 2020లో దాన్ని కొత్తగా రాసినప్పుడు కొన్ని యాడ్-ఆన్లకే అనుమతి ఉండేది, 2023 డిసెంబరు నుంచి మళ్లీ అందరికీ తెరిచారు. యూబ్లాక్ ఒక్కటి పెట్టుకున్నా తేడా తెలుస్తుంది, డేటా కూడా మిగులుతుంది.

ఒక్క జాగ్రత్త. ‘అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చూడటానికి అనుమతి’ అని అడిగే యాడ్-ఆన్‌కి మీరు చదివేదంతా కనిపిస్తుంది. స్టైలస్ పుట్టిందే స్టైలిష్ అనే పాత యాడ్-ఆన్ కోడ్ నుంచి. ఆ స్టైలిష్ చేతులు మారాక వాడేవాళ్ల బ్రౌజింగ్ హిస్టరీని పంపుతోందని 2018లో బయటపడి, మొజిల్లా దాన్ని తమ సైటు నుంచి తీసేసింది. పేర్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చివరి అక్షరం దాకా చూడండి. మొజిల్లా ‘రికమెండెడ్’ గుర్తు ఉన్నవి వాళ్లు కోడ్ చూసి ఇచ్చినవి, ముందు వాటిలో వెతకండి.

కంప్యూటర్ మారినప్పుడు ఫైర్‌ఫాక్స్ సింక్ యాడ్-ఆన్లనైతే తెస్తుంది, వాటి లోపల మనం రాసుకున్న ఫిల్టర్లనీ స్టైల్స్‌నీ దానంతటది తేదు. యూబ్లాక్‌లో బ్యాకప్ బటన్, స్టైలస్‌లో ఎక్స్‌పోర్ట్ బటన్ ఉన్నాయి, రెండు ఫైళ్లూ మీ మెయిల్‌కి పంపుకోండి. ట్రీ స్టైల్ ట్యాబ్ వాడుతూ పైన ఉండే ట్యాబుల వరసని దాచాలంటే యూజర్‌క్రోమ్ అనే సీఎస్ఎస్ ఫైలు ప్రొఫైల్ ఫోల్డర్‌లో పెట్టాలి, ఫైర్‌ఫాక్స్ 69వ వెర్షన్ నుంచి కాన్ఫిగ్ పేజీలో (about:config) ఒక సెట్టింగ్ ఆన్ చేస్తే గానీ ఆ ఫైలుని చదవదు. ఆ ఫైలు కాపీ కూడా మిగతా రెండింటితో పాటే దాచుకోండి.