పాత బండి ఫోర్కు బోల్టులకి బ్యాటరీ ఇంపాక్ట్ గన్: చాలాకాలం వాడాక

బండి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు అడుగున ఒక ఎలెన్ బోల్టు (తలలో ఆరు మూలల గుంట ఉండేది) ఉంటుంది, ఆ ఒక్కదాని కోసమే ఈ ఇంపాక్ట్ గన్, అంటే దెబ్బలు కొడుతూ బోల్టు తిప్పే మిషన్, కొన్నాను. ఇవాళ్టికీ ఇది దగ్గరుంటే ఆ బోల్టు గురించి నాకు టెన్షన్ లేదు. వోల్టులు, టార్క్ (తిప్పే బలం) అంకెలు డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను.

యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి బండ్ల ఫోర్కు విప్పినవాళ్లకి ఈ బాధ తెలుసు. ఫోర్కు ఆయిల్ కారకుండా ఆపే సీల్ మార్చాలంటే లోపలి పైపు, కింది అల్యూమినియం బాటమ్ విడదీయాలి, వాటిని కలిపి ఉంచేదేమో అడుగు బోల్టు. అది పైకి పోయి లోపల కుదుపుల్ని అదుపు చేసే డాంపర్ రాడ్డులో బిగుస్తుంది. ఆ రాడ్డుని గట్టిగా పట్టి ఆపేది లోపల ఏదీ ఉండదు, అందుకే ఎలెన్‌కీ వేసి తిప్పితే రాడ్డు కూడా బోల్టుతో పాటే గిర్రున తిరుగుతుంది, మర ఒక్కటీ వదలదు. మా వైపు సరుగుడు కర్రకి కొదవ లేదు కాబట్టి మెకానిక్కులు దాని చివర చెక్కి, పైనుంచి పైపులోకి దూర్చి రాడ్డు నోట్లో దిగ్గొట్టి, ఒకరు కర్ర పట్టుకుంటే ఇంకొకరు కింద తిప్పుతారు. చాలాసార్లు పని అవుతుంది కూడా.

కొత్తపట్నం నుంచి మా బావ స్నేహితుడు తెచ్చిన ఆర్‌ఎక్స్‌కి మాత్రం కాలేదు. అవి తయారవడం ఆగిపోయిందే 1996లో, పైగా ఇది సముద్రం ఒడ్డున తిరిగిన బండి, ఉప్పుగాలికి ఇనప బోల్టు అల్యూమినియంలో తెల్లటి పొడి పట్టి కూర్చుంది. అప్పటికే రెండు షాపులు చూసి వదిలేశాయి, ఎలెన్ గుంట మూలలు సగం అరిగిపోయి ఉన్నాయి. మా వీధి చివర ముసలి మెకానిక్ వచ్చి చూసి, "ఇంక డ్రిల్లే గతి అబ్బయా" అన్నాడు.

నేను ముందు ఆ గుంటలో గట్టిపడిన మట్టిని సన్న మేకుతో గీకి గీకి అడుగు మెరిసేదాకా తీశాను. ఇది చిన్న విషయం అనుకోవద్దు, మట్టి ఉంటే గన్‌కి తగిలించే ఎలెన్ బిట్ సగమే దిగుతుంది, సగం దిగిన బిట్ మిగిలిన మూలల్ని కూడా తినేస్తుంది. తర్వాత బిట్‌ని సుత్తితో రెండు దెబ్బలు వేసి కూర్చోబెట్టాను. పైన స్ప్రింగు, క్యాపు విప్పలేదు, కావాలనే ఉంచాను. బావ పైపు మీద బరువు వేసి ఫోర్కుని నొక్కి పట్టుకున్నాడు, అలా నొక్కితే స్ప్రింగు డాంపర్ రాడ్డుని అడుక్కి అదిమి పెడుతుంది. ట్రిగ్గర్ కొద్దిగా నొక్కాను. టకటకమని నాలుగు దెబ్బలు పడి, ఒక్కసారి శబ్దం పలచబడింది, బోల్టు బయటికి తిరగడం కంటికి కనిపించింది, వెనకాలే నల్లటి పాత ఆయిల్ కారింది. చేత్తో నిదానంగా తిప్పితే బోల్టు వెంట పోయే రాడ్డు, అంత వేగంగా పడే దెబ్బలకి వెంట పోలేదు, కిటుకంతా అదే. ముసలాయన బోల్టుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఆ సంతోషం నాకు ఇంకా పోలేదు.

ఆ ఊపులో అందరికీ చెప్పాను, ఫోర్కులో ఏ బోల్టుకైనా ఇదే మందు అని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఒక యెజ్డీ బండికి, ఫోర్కు పైపుని పట్టి ఉంచే క్లాంపు బోల్టు తుప్పు పట్టి ఉంటే, గన్ పెట్టగానే తల తెగి సాకెట్‌లో వచ్చింది, మిగతాది లేత్ షాపులో తీయించాల్సొచ్చింది. సన్న బోల్టులకి, తుప్పు లోపలిదాకా దిగినవాటికి ఈ బలం మంచిది కాదు. వాటికి ఏటీఎఫ్ ఆయిల్ (ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసేది), అసిటోన్ సగం సగం కలిపి పోసి రాత్రంతా నాననిచ్చి, హీట్ గన్‌తో అల్యూమినియంని వేడి చేసి, రింగు పానాతో ముందు కాస్త బిగించి తర్వాత వదులు చేస్తూ, అలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీయడమే మేలు. అసిటోన్ దగ్గర మంట పనికిరాదు, అది పూర్తిగా ఆరాకే వేడి. పైన పెద్ద క్యాపు బోల్టుకైతే గన్ అక్కర్లేదు, ఫోర్కు బండికి ఉండగానే పై క్లాంపు బోల్టు వదులు చేస్తే క్యాపు పానాకే వస్తుంది.

నా కోపమంతా డబ్బాలో ఇచ్చిన ఎలెన్ బిట్ల మీద. చూడ్డానికి తళతళలాడుతుంటాయి, ఒకటి మెలితిరిగింది, ఇంకొకటి బోల్టు గుంటలోనే విరిగి అక్కడే ఉండిపోయింది. ఇంపాక్ట్‌కని చేసిన నల్ల బిట్లు విడిగా కొన్నాకే నా పని సాఫీగా సాగింది. ఇంకోటి, ఒంగోలు మే నెల ఎండలో వరసగా పని చేస్తే బ్యాటరీ వేడెక్కుతుంది, చల్లారేదాకా ఛార్జర్ దాన్ని తీసుకోదు.

బిగించడానికి మాత్రం దీన్ని వాడను. కొత్త రాగి వాషర్, మరలు వదులవకుండా కొంచెం నీలం థ్రెడ్‌లాక్ జిగురు, చేతి టార్క్ రెంచ్, అంతే.

నా వాకిట్లో ఎప్పుడూ ఎవరిదో ఒక పాత బండి విప్పి ఉంటుంది కాబట్టి నాకు డబ్బులు గిట్టాయి. మీకు ఒక్కటే బండి ఉండి, సీల్ ఎప్పుడో ఏళ్లకోసారి మార్చేదైతే ముందు సరుగుడు కర్రతో ప్రయత్నించండి. దానికి లొంగకపోతే తెలిసినవాళ్ల గన్ ఒక పూట అడిగి తెచ్చుకోండి, బిట్ మాత్రం మంచిది మీరే కొనుక్కుని వెళ్లండి.